క్నోసస్ శిథిలాలు

మధ్యధరా సముద్రంలో, గ్రీసు దేశపు ప్రధాన భూభాగానికి దక్షిణంగా, తూర్పు పడమరలుగా సాగిన సన్నని ద్వీపం క్రీట్. దాని పొడవు సుమారు 260 కిలోమీటర్లు. వెడల్పు మాత్రం తక్కువ. ఒకచోట ఈ తీరానికి, ఆ తీరానికి మధ్య 12 కిలోమీటర్ల దూరమే ఉంటుంది. ద్వీపం నడుమ వెన్నెముకలాగా కొండల వరస. అందులో ఎత్తైన సిలోరిటిస్ శిఖరం 2,456 మీటర్లు. కొండల దిగువన ఆలివ్ తోటలు, ద్రాక్షతోటలు. ఈజిప్టు, సిరియా, గ్రీసు తీరాల మధ్య తిరిగే ఓడలకు క్రీట్ దారిలో తగిలే మజిలీ. ఇక్కడే సుమారు నాలుగు వేల సంవత్సరాల క్రితం ఐరోపాలోని మొదటి గొప్ప నాగరికత వెలసింది. సింధు నది ఒడ్డున మొహెంజొదారో వంటి నగరాలు క్షీణిస్తున్న రోజుల్లో క్రీట్‌లో మొదటి రాజభవనాల గోడలు లేస్తున్నాయి.

ఆ భవనాలలో అన్నిటికంటె పెద్దది క్నోసస్. ద్వీపంలోని ముఖ్యనగరమైన హెరాక్లియోన్‌కు అది ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంది. నగరం బస్సు ఎక్కితే కొద్దిసేపట్లో చేరుకోవచ్చు. దిగగానే ఎదురయ్యేది మహాదుర్గమేమీ కాదు. దేవదారు జాతి చెట్ల నీడ, ఆ చెట్ల కింద స్వేచ్ఛగా తిరిగే నెమళ్ళు, వాటి వెనుక ఎత్తు తక్కువ దిబ్బ. దాని పేరు కెఫాలా. తూర్పువైపు పల్లంలో చిన్న వాగు. ఈ మాత్రపు చోటు కోసం దేశదేశాల జనం వస్తున్నారా అని మొదట ఆశ్చర్యం కలుగుతుంది.

ఆ దిబ్బ దేవుడు చేసినది కాదు, చాలావరకు మనుషులు చేసినదే. క్రీ.పూ. 7000 ప్రాంతంలో రైతులు ఇక్కడ కాపురం పెట్టారు. పాత ఇల్లు కూలితే దాన్ని చదును చేసి దానిపైన కొత్త ఇల్లు కట్టుకున్నారు. అలా వేల సంవత్సరాలు గడిచేసరికి రాతియుగపు మట్టి పొరలే దాదాపు ఏడు మీటర్ల మందాన పేరుకున్నాయి. ఆంధ్రదేశపు పల్లెల్లో ఇటువంటి వాటిని పాటిదిబ్బలంటారు. క్రీ.పూ. 1900 ప్రాంతంలో ఆ పాటిదిబ్బ పైభాగాన్ని చదును చేసి మొదటి రాజభవనం కట్టారు. క్రీ.పూ. 1700 ప్రాంతంలో అది కూలిపోయింది. భూకంపం కారణమై ఉండవచ్చు. దానిపైన మరింత పెద్ద భవనం లేచింది. నేడు కనిపించే శిథిలాలలో ఎక్కువ భాగం ఆ రెండవ భవనానివే.

గ్రీకుల పురాణకథల్లో క్రీట్‌కు పెద్ద స్థానం ఉంది. మినోస్ అనే రాజు ఈ ద్వీపాన్ని ఏలేవాడట. అతని కొలువులో డెడలస్ అనే గొప్ప శిల్పి ఉండేవాడు. మనిషి శరీరం, ఎద్దు తల గల మినోటార్ అనే భూతాన్ని బంధించడానికి డెడలస్ ఒక చిక్కుదారుల కట్టడాన్ని నిర్మించాడు. దాని పేరు లాబిరింత్. లోపలికి పోయినవాడు బయటికి రావడం కల్ల. ఏథెన్స్ నుంచి కప్పంగా పంపిన యువతీయువకులు ఆ భూతానికి ఆహారమయ్యేవారు. చివరకు థీసియస్ అనే వీరుడు వచ్చాడు. మినోస్ కూతురు అరియాడ్నే అతనికి ఒక దారపు ఉండ ఇచ్చింది. అతడు దారం విప్పుకుంటూ లోపలికి వెళ్ళి, భూతాన్ని చంపి, ఆ దారం పట్టుకొనే తిరిగి వచ్చాడు. ఈ కథను ఐరోపా పిల్లలు తరతరాలుగా వింటూనే ఉన్నారు. కాని మినోస్ కాలపు క్రీట్ నిజంగా ఉండేదని పంతొమ్మిదవ శతాబ్దిలో కూడా నమ్మినవారు కొద్దిమందే.

నమ్మినవారిలో ఒకడు హెరాక్లియోన్‌లోనే పుట్టి పెరిగిన వర్తకుడు. అతని పేరు కూడా మినోసే. మినోస్ కలోకైరినోస్. 1878లో అతడు కెఫాలా దిబ్బపై త్రవ్వకం మొదలుపెట్టాడు. భూమిలోంచి వరసగా సన్నని పొడవైన గదులు, వాటిలో నిలువెత్తు మట్టి బానలు బయటపడ్డాయి. అయితే కొద్ది వారాలకే పని ఆగిపోయింది. ఆపించినది శత్రువులు కాదు, క్రీట్ ప్రజల ప్రతినిధుల సభే. అప్పుడు క్రీట్ తుర్కుల ఏలుబడిలో ఉండేది. దొరికిన వస్తువులన్నీ ఇస్తాంబుల్‌కు తరలిపోతాయేమో, కొంతకాలం అవి భూమిలోనే ఉండడం మేలని సభవారు తలచారు. ఆ ఆలోచనను తప్పుపట్టడం కష్టం. కలోకైరినోస్ మాత్రం తనకు దొరికిన వాటిని ఇంట్లో దాచుకొని, చూడవచ్చిన పండితులకు చూపిస్తూ వచ్చాడు. 1898లో నగరంలో చెలరేగిన అల్లర్లలో ఆ ఇల్లు, దాంతోపాటు ఆ వస్తువులూ తగలబడిపోయాయి. క్నోసస్‌ను కనుగొన్నవారెవరని అడిగితే నేటికీ చాలామంది అతని పేరు చెప్పరు.

వారు చెప్పే పేరు సర్ ఆర్థర్ ఈవాన్స్. ఈయన ఇంగ్లండు దేశస్థుడు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక ప్రసిద్ధ ప్రదర్శనశాలకు అధిపతి. పాతకాలపు ముద్రల రాళ్ళమీద ఎవరికీ తెలియని అక్షరాలు ఆయనకు కనిపించాయి. ఆ రాళ్ళు క్రీట్ నుంచి వచ్చినవి. పల్లె స్త్రీలు వాటిని మెడలో కట్టుకొనేవారు. కడితే పాలు బాగా పడతాయని పసిబిడ్డల తల్లుల నమ్మకం. ఆ అక్షరాల జాడ వెతుక్కుంటూ ఈవాన్స్ 1894లో క్రీట్‌కు వచ్చాడు. కెఫాలా భూమిని కొనడం మొదలుపెట్టాడు. ట్రాయ్ నగరాన్ని త్రవ్వి పేరు పొందిన జర్మన్ దేశస్థుడు ష్లీమన్ అంతకుముందే ఈ భూమి కోసం బేరమాడాడు. ఆలివ్ చెట్ల లెక్కలో తేడా వచ్చి ఆ బేరం చెడిందని చెబుతారు. క్రీట్ తుర్కుల చేతిలోంచి బయటపడిన తరువాత, 1900 మార్చి 23వ తేదీన ఈవాన్స్ త్రవ్వకం ప్రారంభించాడు. అంతకు కొద్దికాలం ముందే కొట్లాడుకున్న క్రైస్తవులను, ముస్లిములను ఆయన పట్టుబట్టి ఒకే పనిలో పెట్టుకున్నాడు. వారం రోజులకే అక్షరాలు చెక్కిన మట్టి పలకలు దొరికాయి. ఏప్రిల్‌లో ఒక రాతి సింహాసనం బయటపడింది. తాను బయటికి తీసిన నాగరికతకు మినోస్ రాజు పేరుమీదుగా 'మినోవన్' అన్న మాటను ఈవాన్స్ స్థిరపరిచాడు. ఆ ప్రజలు తమను తాము ఏమని పిలుచుకున్నారో ఎక్కడా దొరకలేదు. ఈజిప్టువారు మాత్రం ఆ దిక్కు నుంచి కానుకలు తెచ్చేవారిని 'కెఫ్తియు' అన్నారు. తమ సమాధుల గోడలమీద వారి బొమ్మలు కూడా గీశారు.

సందర్శకులు పడమటి వాకిలి నుంచి లోపలికి ప్రవేశిస్తారు. రాళ్ళు పరచిన విశాలమైన ఆవరణ. ఒక పక్క ఈవాన్స్ కంచు విగ్రహం. మరొక పక్క రాతితో కట్టిన మూడు పెద్ద గుండ్రని గుంటలు. అవి గాదెలని కొందరు, చెత్త వేసే గోతులని మరికొందరు అంటారు. అక్కడినుంచి మలుపులు తిరిగే దారి నడవల గుండా సాగి చివరకు నడిమి ముంగిట్లో తేలుతుంది. ఇది సుమారు 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు గల ఆవరణ. భవనమంతా దీని చుట్టూ పెరిగింది. నాలుగు దిక్కులా అంతస్తులపై అంతస్తులు, గది పక్కన గది, మెట్ల వెంట మెట్లు. మొత్తం మీద వెయ్యికి పైగా గదులుండేవని అంచనా. ఒక గది నుంచి మరొక గదికి తిన్నగా పోయే దారి అరుదు. ఈ కట్టడం కూలిన తరువాత శిథిలాలను చూసినవారి నోటనే చిక్కుదారుల కథ పుట్టి ఉంటుందని చాలామంది ఊహ.

ముంగిలికి పడమట సింహాసనపు గది ఉంది. గది చిన్నది. ఉత్తరపు గోడకు ఆనించి జిప్సం రాతితో చెక్కిన ఎత్తు వీపు గల ఆసనం. దాని రెండు పక్కలా గోడ వెంబడి రాతి అరుగులు. ఆసనానికి ఎదురుగా, మెట్లు దిగి చేరుకొనే పల్లపు గది ఒకటి. ఇంత గొప్ప భవనంలో రాజు ఇంత ఇరుకు గదిలో కొలువు తీరాడా? అసలు అక్కడ కూర్చున్నది రాజేనా, లేక దేవత పేర పూజారిణి కూర్చునేదా? పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. సింహాసనం అన్న మాట ఈవాన్స్ పెట్టినదే. 'రాణిగారి గది', 'రాజమార్గం' మొదలైన పేర్లు కూడా అలాంటివే. పేరు ఒకసారి అతుక్కుంటే, దాని వెనుక ఉన్న ఊహ కూడా నిజమైపోయినట్లే కనిపిస్తుంది.

తూర్పువైపు భవనాన్ని దిబ్బ వాలులోకి దించి కట్టారు. అక్కడ ముంగిలి మట్టానికి కింద కూడా అంతస్తులున్నాయి. వాటి నడుమ పెద్ద మెట్లదారి. ఇన్ని గదులు లోపలికి పోతే వెలుతురు ఎట్లా? దీనికి ఆ శిల్పులు చక్కని ఉపాయం కనిపెట్టారు. కట్టడం మధ్యలో అక్కడక్కడ పై నుంచి కింది దాకా కప్పులేని ఖాళీ చోటు విడిచిపెట్టారు. మండువా లోగిలి చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అదే సూత్రం, కాకపోతే ఇక్కడ వెలుతురు ఒక అంతస్తుకు కాక అన్ని అంతస్తులకూ దిగుతుంది. ఆ ఖాళీ చోట్ల అంచుల్లో స్తంభాలు నిలబెట్టారు. క్రీట్ స్తంభం అడుగున సన్నగా, పైన లావుగా ఉంటుంది. వాటిని చెట్టు మానులతో చేసి రంగు పూసేవారు.

నీటి ఏర్పాటు సంగతి తప్పక చెప్పుకోవాలి. కాల్చిన మట్టి గొట్టాలను ఒక చివర లావుగా, ఒక చివర సన్నగా చేసి, ఒకదాని నోట్లోకి మరొకదాన్ని దూర్చి వరసగా బిగించారు. వాననీరు పోవడానికి రాతి కాలువలు కట్టారు. ఒకచోట మెట్ల పక్కన నీరు పారే కాలువను వంపులు వంపులుగా మలిచారు. నీరు ఆ వంపుల్లో తగిలి వేగం తగ్గి, మలుపు దగ్గర పైకి చిందకుండా పోతుంది. తూర్పు భాగంలో ఒక మరుగుదొడ్డి కూడా ఉంది. దాని కింద కాలువ, నీరు పోసి కడగడానికి వీలు. ఈ గొట్టాల ముక్కలు నేటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

పడమటి గోడ వెంబడి ఉన్న గదులు చూడడానికి ఏమంత అందమైనవి కావు. అయినా భవనం ప్రాణమంతా అక్కడే ఉంది. సన్నగా పొడవుగా ఒకదాని పక్కన ఒకటి 18 కొట్లు. కలోకైరినోస్ పలుగు తగిలినది వీటికే. ప్రతి కొట్లోనూ గోడల వెంట నిలువెత్తు బానలు. వాటి ఒంటిమీద తాళ్ళవంటి పట్టీలు, ఎత్తి పట్టుకోవడానికి ఎన్నో చెవులు. అన్నీ నిండితే దాదాపు 400 బానలు పట్టేవని లెక్కకట్టారు. ఆలివ్ నూనె, ధాన్యం, ద్రాక్షసారా వీటిలో నిలువ చేసేవారు. ఊళ్ళనుంచి పన్నుగా వచ్చిన పంట ఇక్కడికి చేరి, ఇక్కడినుంచి పనివారికి, గుళ్ళకు, ఓడలకు వెళ్ళేది. భవనం తగలబడినప్పుడు ఆ నూనె కూడా మండింది. గోడల జిప్సం రాళ్ళమీద ఆ మసి మరకలు నేటికీ కనిపిస్తాయి.

ఇక్కడ సందర్శకులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఎర్రస్తంభాలు, అంతస్తులు, పైకప్పులు, గోడలమీద బొమ్మలు, పటాల్లో అందరూ చూసే క్నోసస్ అంతా మూడున్నర వేల ఏళ్ళనాటిది కాదు. త్రవ్వి తీసిన మెట్లు, గోడలు కూలిపోకుండా ఈవాన్స్ మొదట కర్రలతో ఊతమిచ్చాడు. క్రీట్ చలికాలపు వానలకు అవి కుళ్ళిపోయాయి. తరువాత, 1920ల్లో, ఇనుప చువ్వలు వేసిన సిమెంటు కాంక్రీటుతో కట్టించాడు. ఊతంతో మొదలైన పని అక్కడితో ఆగలేదు. అంతస్తులు లేచాయి, గదులకు కప్పులు పడ్డాయి. కొన్నిటికి ఆధారముంది, కొన్నిటికి ఆధారం ఈవాన్స్ ఊహ మాత్రమే. ఆయన స్వంత ధనం ఖర్చుపెట్టి చేయించకపోతే పెద్ద మెట్లదారి నిలిచేదే కాదని మెచ్చుకొనేవారున్నారు. పాత శిథిలాన్ని కొత్త భవనం మింగివేసిందని నొచ్చుకొనేవారూ ఉన్నారు. రెండు మాటలూ నిజమే. ఇప్పుడైతే ఆ కాంక్రీటే పాతబడి పగుళ్ళు వేస్తున్నది. దాన్ని కాపాడడం మరొక పని అయింది.

బొమ్మల విషయంలో జరిగిన ఒక సంగతి చాలా ప్రసిద్ధం. కుంకుమపువ్వు కోస్తున్న బొమ్మ ఒకటి ముక్కలు ముక్కలుగా దొరికింది. శరీరానికి నీలిరంగు. తల లేదు. ఈవాన్స్ దాన్ని నీలి బాలుడనుకున్నాడు. చిత్రకారుడు ఆ ప్రకారమే తల గీసి పూర్తిచేశాడు. చాలా సంవత్సరాలు పుస్తకాలన్నిటా అది బాలుడే. తరువాతి పండితులు ఆ ముక్కలను తిరిగి పరిశీలిస్తే వాటిలో ఒకచోట తోక ఉన్నది! అది బాలుడు కాదు, కోతి. క్రీట్ చిత్రకారులు కోతులకు నీలిరంగు వేయడం మరికొన్ని చోట్ల కూడా కనిపించింది. నెమలి ఈకల కిరీటంతో నడిచి వస్తున్న 'కలువల రాకుమారుడు' కూడా చిన్నచిన్న ముక్కలు కూర్చి నిలబెట్టిన బొమ్మే. ఆ ముక్కలన్నీ ఒకే మనిషివి కావని పలువురి అభిప్రాయం.

గోడలమీద ఉన్నవి నకళ్ళు. అసలు ముక్కలన్నీ హెరాక్లియోన్ ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నాయి. క్నోసస్ చూసినవారు అక్కడికి కూడా వెళ్ళాలి. ముఖ్యంగా చూడవలసినది ఎద్దు ఆట చిత్రం. కొమ్ములు ముందుకు వంచి దూకుతున్న పెద్ద ఎద్దు. దాని కొమ్ములు పట్టుకొన్న ఒకరు. వీపుమీద తలకిందులుగా పల్టీ కొడుతున్న మరొకరు. వెనుక చేతులు చాచి నిలబడ్డ ఇంకొకరు. ఆయుధాలు లేవు, ఎద్దును చంపడం లేదు. మినోటార్ కథకు మూలం ఇదేనా అన్నది చెప్పలేము గాని, ఈ ఆట క్రీట్‌వారి ముద్రలమీద, బొమ్మలమీద మాటిమాటికీ వస్తుంది. రెండు చేతులా పాములు పట్టుకొన్న చిన్న స్త్రీమూర్తి విగ్రహం 1903లో క్నోసస్‌లోనే దొరికింది. చేప, ఆక్టోపస్, కలువ, పిట్ట ఇవే ఆ చిత్రకారులకు ఇష్టమైనవి. తోటి కాలపు రాజ్యాల్లో గోడల నిండా కనిపించే రాజుల యుద్ధవిజయాలు ఇక్కడ కనిపించవు. భవనం చుట్టూ పెద్ద కోటగోడ కూడా లేదు. అందుచేత వీరు యుద్ధమెరుగని ప్రజలని ఈవాన్స్ భావించాడు. కత్తులు, శిరస్త్రాణాలు, కాపలా కట్టడాలు బయటపడిన తరువాత ఆ అభిప్రాయాన్ని పూర్తిగా ఒప్పుకొనేవారు తగ్గారు.

ఇక మట్టి పలకల సంగతి. ఈవాన్స్ క్రీట్‌కు వచ్చినదే అక్షరాల కోసం. ఆయనకు రెండు రకాల రేఖాలిపులు దొరికాయి. పాతదానికి 'ఎ' లిపి అని, తరువాతిదానికి 'బి' లిపి అని పేరు పెట్టాడు. 'బి' లిపి పలకలే క్నోసస్‌లో వేలకొద్దీ దొరికాయి. పచ్చి మట్టి పలకమీద పుల్లతో రాసి ఎండబెట్టేవారు. ఏడాది గడిస్తే ఆ మట్టిని తడిపి మళ్ళీ వాడుకొనేవారు. భవనం తగలబడిన చివరి ఏడాది పలకలు మాత్రం ఆ మంటల్లో ఇటుకల్లాగా కాలి గట్టిపడ్డాయి. రాసినవారి ఇంటిని కాల్చిన నిప్పే వారి రాతను కాపాడింది. కాని ఈవాన్స్ వాటిలో కొద్దిభాగమే అచ్చువేశాడు. 1941లో తొంభయ్యో ఏట చనిపోయేదాకా ఆయన వాటిని చదవలేకపోయాడు. ఇతరులకు పూర్తిగా అందనూ లేదు.

చదివే దారి చూపినవారిలో ముందు చెప్పవలసిన పేరు ఆలిస్ కోబర్. ఆమె న్యూయార్క్‌లో లాటిన్, గ్రీకు బోధించే అధ్యాపకురాలు. పగలు పాఠాలు చెప్పి, రాత్రులు ఈ గుర్తులను లెక్కపెట్టేది. ఏ గుర్తు పక్కన ఏది వస్తుంది, మాట మొదట ఏది, చివర ఏది అని చీటీలమీద రాసుకొనేది. యుద్ధకాలంలో కాగితం కరువైతే పాత కాగితాల వెనుకవైపున రాసింది. అలా సుమారు 1,80,000 చీటీలు తయారుచేసి, సిగరెట్ల ఖాళీ పెట్టెల్లో వరసగా సర్దుకొంది. భాష తెలియదు, గుర్తుల ధ్వని తెలియదు. అయినా ఆమె ఒక గొప్ప విషయం పట్టుకొంది.

తెలుగు చదివే పిల్లలకు దాన్ని చెప్పడం సులభం. 'బి' లిపిలో కూడా తెలుగులో వలె ఒక గుర్తుకు ఒక అక్షరం, అనగా హల్లూ అచ్చూ కలిసిన ధ్వని. అయితే తెలుగులో క, కి, కు రూపాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ లిపిలో అలా కాదు. 'క' గుర్తుకూ 'కి' గుర్తుకూ పోలికే ఉండదు. తెలుగు రాని మనిషి ఒకడు 'ఊరు' అన్న మాటను ఒకచోట, 'ఊరికి' అన్న మాటను మరొకచోట చూశాడనుకోండి. ఇలాగే 'పులి', 'పులులు' చూశాడు. మాట మొదలు మారలేదు, చివర మారింది. అంటే ఇది ఒకే మాట రూపభేదమై ఉండాలి. రు, రి అన్న గుర్తులకు హల్లు ఒకటే, అచ్చు వేరు. లి, లు కూడా అంతే. ధ్వని ఏదో తెలియకుండానే ఇంత తెలుసుకోవచ్చు. కోబర్ చేసినది ఇదే. 1950లో, నలభై మూడేళ్ళ వయసులో, పని ఫలించడం చూడకుండానే ఆమె కన్నుమూసింది.

ఆ దారినే ముందుకు నడిచినవాడు మైకేల్ వెంట్రిస్. ఇతడు ఇంగ్లండులో గృహనిర్మాణశిల్పి. పద్నాలుగేళ్ళ వయసులో, 1936లో, లండన్‌లోని ఒక ప్రదర్శనలో వృద్ధుడైన ఈవాన్స్ మాటలు విన్నాడు. ఈ పలకలను ఇంకా ఎవరూ చదవలేదని తెలిసి, ఆ పట్టు విడవలేదు. ఒకే హల్లు గల గుర్తులను ఒక వరసలో, ఒకే అచ్చు గల గుర్తులను ఒక నిలువులో పేర్చి పట్టిక వేశాడు. అచ్చంగా గుణింతపు పట్టికే, ధ్వనులు మాత్రం ఖాళీ. క్నోసస్ పలకల్లో మాత్రమే కనిపించే కొన్ని మాటలు ఊళ్ళ పేర్లు అయి ఉంటాయని ఊహించి, ఆ ఖాళీల్లో ధ్వనులు పెట్టి చూశాడు. ఒక మాట అ-మి-ని-సొ అయింది. అమ్నిసోస్, క్నోసస్‌కు దగ్గరలోని రేవు! ఆ ధ్వనులతోనే మరొక మాట కొ-నొ-సొ అయింది. అదే క్నోసస్. ఆ లిపిలో ఒత్తులు లేవు. అందుకే 'క్నొ' అనడానికి కొ-నొ అని విడదీసి రాశారు. మాట చివరి 'స్' విడిచిపెట్టారు. ర, ల లకు ఒకే గుర్తు. క, ఖ, గ లకు కూడా ఒకటే. తమిళ లిపి నేర్చినవారికి ఈ చివరిది వింతగా తోచదు.

ఒక్కొక్క మాటే విడిపోతుంటే వెంట్రిస్ ఆశ్చర్యపోయాడు. తాను అనుకున్న భాష కాదిది, గ్రీకు! 1952 జూలై 1న బి.బి.సి. రేడియోలో ఆ సంగతి ప్రకటించాడు. చాలామంది నమ్మలేదు. మరుసటి ఏడాది సాక్ష్యం దొరికింది. గ్రీసు ప్రధాన భూభాగంలోని పైలోస్‌లో అప్పుడే బయటపడిన ఒక పలకమీద పాత్రల బొమ్మలు, పక్కనే మాటలు ఉన్నాయి. మూడు కాళ్ళ పాత్ర బొమ్మ పక్కన తి-రి-పొ అని చదవవచ్చింది. గ్రీకులో అది 'మూడు కాళ్ళది'. సంస్కృతంలోని 'త్రిపాద' శబ్దానికి అది దూరపు చుట్టం. నాలుగు చెవుల పాత్ర దగ్గర నాలుగు అన్న మాట, చెవులు లేని పాత్ర దగ్గర 'చెవులు లేనిది' అన్న మాట వచ్చాయి. ఇక సందేహించడానికి చోటు లేకపోయింది. 1956లో వెంట్రిస్ కారు ప్రమాదంలో మరణించాడు. అప్పటికి అతని వయసు ముప్పై నాలుగు.

ఇంత కష్టపడి చదివిన పలకల్లో ఏముంది? కావ్యాలు లేవు, చరిత్ర లేదు, రాజుల పేర్లయినా లేవు. అన్నీ పద్దులు. ఏ ఊళ్ళో ఎన్ని గొర్రెలు, ఎంత ఉన్ని రావాలి, ఎంత తక్కువ పడింది, ఏ మగ్గం పనికి ఎందరు స్త్రీలు, వారి వెంట ఎందరు పిల్లలు. క్నోసస్ లెక్కల్లో సుమారు లక్ష గొర్రెలున్నాయి. ఒక పలకలో రెండు పద్దులు ఇలా ఉన్నాయని పండితులు చదివారు: దేవతలందరికీ ఒక జాడీ తేనె, లాబిరింత్ దేవికి ఒక జాడీ తేనె. పురాణంలోని ఆ పేరు పద్దు పుస్తకంలో తగలడం చిత్రమే.

అంటే చివరి రోజుల్లో క్నోసస్‌లో గ్రీకు మాట్లాడేవారి పెత్తనం ఉంది. క్రీ.పూ. 1450 ప్రాంతంలో క్రీట్‌లోని భవనాలు ఒక్కొక్కటే తగలబడ్డాయి. క్నోసస్ మరికొంత కాలం నిలిచి, కొత్త యజమానుల చేతిలో ఉండి, చివరకు అది కూడా కాలిపోయింది. ఉత్తరాన సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉన్న థేరా ద్వీపపు అగ్నిపర్వతం బద్దలవడమే ఈ నాశనానికి కారణమని ఒకప్పుడు అనుకొనేవారు. ఆ పేలుడు నిజంగా జరిగింది, ఉప్పెన క్రీట్ తీరాన్ని తాకింది. అయితే అది భవనాలు కాలడానికి చాలా ముందే జరిగినదని ఇప్పుడు తెలుసు. దెబ్బతిన్న ద్వీపం తేరుకొంది. తరువాతే మనుషుల చేతిలో పడిపోయింది. కొద్దితరాల తరువాత గ్రీసు భూభాగపు భవనాలకూ అదే గతి పట్టింది. 'బి' లిపి తెలిసినవారు భవనాల్లో పద్దులు రాసే లేఖకులు మాత్రమే. బయట ఎవరూ దాన్ని నేర్చుకోలేదు. భవనాలతోపాటే లిపి పోయింది. గ్రీకు భాష మాత్రం జనం నోట బతికే ఉంది. నాలుగైదు వందల ఏళ్ళు రాత లేకుండా గడిపి, ఆ జనం ఫినీషియన్ల దగ్గర కొత్త అక్షరాలు నేర్చుకొన్నారు.

2025 జూలైలో యునెస్కో క్నోసస్‌ను, మరి ఐదు మినోవన్ భవనాలను ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తించింది. వాటిలో ఒకటైన ఫైస్టోస్‌లో 1908లో దొరికిన గుండ్రని మట్టిబిళ్ళ హెరాక్లియోన్ ప్రదర్శనశాలలో ఉంది. దానిమీద అచ్చు ముద్దలతో ఒత్తిన 241 గుర్తులు సుడి తిరిగి ఉంటాయి. చదివామని చెప్పినవారు లెక్కలేనంతమంది. ఒకరు చెప్పినది మరొకరు ఒప్పుకోలేదు. 'ఎ' లిపి సంగతీ అంతే. దాని గుర్తులలో చాలా భాగం 'బి' లిపిలోనివే కాబట్టి పైకి ఉచ్చరించవచ్చు. అర్థం మాత్రం తెలియదు. అది గ్రీకు కాదు. ఏ భాషకు చుట్టమో తేలలేదు. క్నోసస్ కట్టినవారి మాట అదే అయి ఉండాలి.

ఆ భాషలో ఒక్క మాట అర్థం మాత్రం అందరూ ఒప్పుకొంటారు. పద్దుల చివర, పెద్ద అంకెకు ముందు, కు-రొ అని ఉంటుంది. పై అంకెలు కూడితే ఆ చివరి అంకె వస్తుంది. తెలుగు నాట కరణాలు పద్దు చివర 'వెరసి' అని రాసేవారే, అటువంటి మాట. అయ త్రియద అనే చోట దొరికిన ఒక పలకలో ద్రాక్షసారా పద్దులు ఆరున్నాయి: ఐదున్నర, 56, ఇరవై ఏడున్నర, 18, 19, 5. కూడితే 131 రావాలి. లేఖకుడు కు-రొ దగ్గర నూట ముప్పైన్నర అని రాశాడు.

అభ్యాసం

కలోకైరినోస్ త్రవ్వకాన్ని క్రీట్ సభ ఎందుకు ఆపించింది? ఆ నిర్ణయం వల్ల కలిగిన లాభమేమి, నష్టమేమి?

ఈవాన్స్ శిథిలాలపై కట్టించడం సరైనదేనా? రెండు పక్షాలుగా విడిపోయి తరగతిలో వాదించండి.

ధ్వని తెలియకుండానే రెండు గుర్తులకు ఒకే హల్లు ఉన్నదని కోబర్ ఎలా గ్రహించింది? 'ఊరు – ఊరికి' వంటి జంటలను మరి నాలుగు వెతికి రాయండి.

'బి' లిపిలో ఒత్తులు లేవు. మాట చివరి పొల్లు రాయరు. ర, ల లకు ఒకే గుర్తు. ఈ పద్ధతిలో మీ పేరు, మీ ఊరి పేరు తెలుగు అక్షరాలతో రాసి, పక్కవారి చేత చదివించండి.

మీ ఇంట్లోనో, ఊళ్ళోనో పాత పద్దు పుస్తకం ఉంటే పెద్దల సాయంతో ఒక పుట చదివి, అందులో నేడు వాడుకలో లేని మాటలను రాసుకొని రండి.